యంత్రాల కంట్రోల్ ప్రోగ్రాము: ల్యాడర్ గీయాలా, టెక్స్ట్ రాయాలా?

కార్టన్_లైను రాశారు:

మిత్రులందరికీ నమస్కారం. సీసాలను అట్టపెట్టెల్లో సర్ది మూసే ఒక ప్యాకింగ్ యంత్రానికి కంట్రోల్ ప్రోగ్రామును మొదటి నుంచి మళ్లీ రాయవలసిన పని మా బృందానికి అప్పగించారు. ఇప్పుడున్న ప్రోగ్రాము పూర్తిగా ల్యాడర్‌లో, అంటే విద్యుత్ డ్రాయింగులాగా నిచ్చెన ఆకారంలో గీసే భాషలో, ఉంది. ఏళ్ల తరబడి ఎవరికి తోచిన చోట వారు కలుపుతూ పోవడం వల్ల అది 1,400 రంగ్‌లకు (ఆ నిచ్చెన మెట్లకు) పెరిగింది. ఒక సెన్సర్‌ను మార్చాలంటే అది ఎక్కడెక్కడ వాడుకలో ఉందో వెతకడానికే ఒక పూట గడిచిపోతోంది.

మా బృందంలోని యువ ఇంజినీర్లు నలుగురూ కంప్యూటర్ భాషలు చదువుకుని వచ్చినవారు. ఈసారి మొత్తం స్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే, వాక్యాలుగా రాసే భాషలో రాద్దామని వారు గట్టిగా అంటున్నారు. యంత్రం ఆగినప్పుడు దాని ముందు నిలబడవలసిన మెయింటెనెన్స్ విభాగం వారు మాత్రం ల్యాడర్ తప్ప మరొకటి వద్దని అంతే గట్టిగా అంటున్నారు. రెండు వైపుల వారూ అనుభవంతోనే మాట్లాడుతున్నారు కాబట్టి ఎవరి మాటనూ తోసిపుచ్చలేకపోతున్నాను.

కంట్రోలర్ల ప్రోగ్రామింగ్ భాషలకు సంబంధించిన ఐఈసీ 61131-3 ప్రమాణం 1993లో వచ్చినప్పటి నుంచీ గీసే భాషలనూ రాసే భాషలనూ ఒకే ప్రాజెక్టులో కలిపి వాడుకునే వీలు ఉందని నాకు తెలుసు. వీలు ఉండడం వేరు, ఎక్కడ ఏది వాడాలో తేల్చుకోవడం వేరు. రెండు పద్ధతుల్లోనూ ప్రోగ్రాములు రాసి, వాటితో ఏళ్లపాటు కాపురం చేసినవారు తమ అనుభవం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

పాత_రిలే రాశారు:

కార్టన్_లైను గారూ, ల్యాడర్ ఇలా ఎందుకు ఉందో మీ యువ ఇంజినీర్లకు ముందుగా చెప్పండి. 1968లో జనరల్ మోటార్స్‌కు చెందిన హైడ్రామాటిక్ విభాగం, రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్) ప్యానెళ్లకు బదులుగా పనిచేసే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కావాలని కోరింది. కారు మోడల్ మారినప్పుడల్లా వందల రిలేల వైరింగ్ విప్పి మళ్లీ కట్టవలసి రావడం వారి బాధ. దానికి డిక్ మోర్లీ బృందం తయారుచేసిన కంట్రోలరే మోడికాన్ 084. మోర్లీ సంస్థ బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ చేపట్టిన 84వ ప్రాజెక్టు కావడం వల్ల ఆ పేరు వచ్చింది. దానిని రేపటి నుంచి చూసుకోవలసినవారు అప్పటికే రిలే డ్రాయింగులు చదవడం వచ్చిన ఎలక్ట్రీషియన్లు కాబట్టి, ప్రోగ్రాము కూడా అదే డ్రాయింగులాగా కనిపించాలని నిర్ణయించారు. అంటే ల్యాడర్ పుట్టిందే చదివేవారిని దృష్టిలో పెట్టుకుని.

ఆ నిర్ణయం విలువ యంత్రం ఆగిన రోజు తెలుస్తుంది. ఒక మోటారు తిరగడం లేదనుకోండి. ల్యాప్‌టాప్ కలిపి ఆ మోటారు కాయిల్ (ఔట్‌పుట్ గుర్తు) ఉన్న రంగ్‌ను తెరుస్తాం. ఎడమ నుంచి ఆరు కాంటాక్టులు (షరతుల గుర్తులు) వరుసగా ఉంటాయి: గాలి పీడనం సరిపోయింది, ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ కాలేదు, వెనుక తలుపు మూసి ఉంది, ముందు తలుపు మూసి ఉంది, తర్వాతి కన్వేయర్ నడుస్తోంది, ఆపరేటర్ స్టార్ట్ నొక్కాడు. నెరవేరిన షరతుల వెంట తెర మీద పారే పచ్చరంగు మూడో కాంటాక్టు దాకా వచ్చి నాలుగో దాని దగ్గర ఆగిపోతుంది. ముందు తలుపు స్విచ్ దగ్గరకు వెళ్లి చూస్తే దాని నాలుక ఒక పక్కకు వంగి ఉంటుంది. ఇదంతా రెండు నిమిషాల పని. ఇదే షరతును టెక్స్ట్‌లో ఒక వాక్యంగా రాస్తే, ప్రతి వేరియబుల్ పక్కన దాని విలువ కనిపించినా, ఆ ఆరింటినీ మనసులో కలుపుకుని ఏది అడ్డుపడుతోందో మనమే తేల్చుకోవాలి. కాదు అనే పదం మధ్యలో రెండుసార్లు వచ్చిందంటే ఆ తేల్చుకోవడం ఇంకా కష్టమవుతుంది.

మొత్తం టెక్స్ట్‌లో రాయడాన్ని నేను ఒప్పుకోలేను.

వాక్య_నిర్మాణం రాశారు:

పాత_రిలే గారు చెప్పిన ఉదాహరణ నూటికి నూరుపాళ్లు నిజమే. ఇంటర్‌లాక్‌ల (ఇవన్నీ సరిగా ఉంటేనే నడవాలి అనే ఇటువంటి షరతుల) విషయంలో ల్యాడర్‌కు సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఒక యంత్రంలో ఇంటర్‌లాక్‌లు మాత్రమే ఉండవు. 1968 నాటి కంట్రోలర్ రిలేల పని చేస్తే సరిపోయేది. నేటి కంట్రోలర్ తూకం లెక్కలు వేస్తుంది, రెసిపీలు (ఒక్కో సరుకుకు కావలసిన సెట్టింగులు) దాచుకుంటుంది, బార్‌కోడ్ అక్షరాలను ముక్కలు చేస్తుంది, సర్వో మోటార్లకు స్థానాలు లెక్కగడుతుంది, పై స్థాయి కంప్యూటరుకు నివేదికలు పంపుతుంది.

ఒక చిన్న లెక్క తీసుకుందాం. గత ఇరవై పెట్టెల తూకాలను ఒక పట్టికలో దాచి, కొత్తది రాగానే పాతదాన్ని తోసివేసి, సగటు కట్టి, ఆ సగటు నుంచి 3 శాతానికి మించి తేడా ఉన్న పెట్టెను పక్కకు నెట్టాలి. స్ట్రక్చర్డ్ టెక్స్ట్‌లో ఇది పది, పన్నెండు పంక్తులు. పాస్కల్ వంశానికి చెందిన భాష కాబట్టి చదివితే దాదాపు మాటల్లా అర్థమవుతుంది. ల్యాడర్‌లో ఇదే పనికి మూవ్, యాడ్, డివైడ్ పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి పేర్చుకుంటూ, మధ్యంతర ఫలితాలకు తాత్కాలిక వేరియబుల్స్ పెట్టుకుంటూ మూడు తెరలు నింపాలి. ఆ పెట్టెల మీద పచ్చరంగు పారుతూనే ఉంటుంది, కానీ దాని వల్ల మనకు తెలిసేది ఏమీ ఉండదు, ఎందుకంటే అక్కడ తప్పు జరిగేది అంకెల్లో.

బొమ్మ ఎప్పుడూ సులువుగానే అర్థమవుతుందన్న నమ్మకాన్ని కూడా ఒకసారి పరీక్షించుకోవాలి. థామస్ గ్రీన్, మరియన్ పెట్రె అనే పరిశోధకులు 1992లో ల్యాబ్‌వ్యూ అనే బొమ్మల ప్రోగ్రామింగ్ భాష మీద ఒక పరిశీలన జరిపారు. షరతుల్లో షరతులు ఇమిడి ఉన్న చిన్న ప్రోగ్రాములను అనుభవం ఉన్నవారి చేత చదివించి చూస్తే, టెక్స్ట్ కంటే బొమ్మ రూపంలో ఉన్నవాటిని అర్థం చేసుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది.

మార్పుల చరిత్ర మరొక పెద్ద విషయం. టెక్స్ట్‌లో నిన్నటి ప్రతినీ నేటి ప్రతినీ పక్కపక్కన పెడితే మారిన పంక్తి ఒక్కటే కనిపిస్తుంది. గీసిన ప్రోగ్రాముల్లో ఒక పెట్టెను చక్కగా కనిపించేందుకు నాలుగు గళ్లు పక్కకు జరిపినా, పోల్చి చూపే సాధనాలు కొన్ని అది కూడా మార్పే అంటాయి. అసలు మార్పు ఆ గుంపులో కలిసిపోతుంది. నలుగురు కలిసి ఒకే ప్రోగ్రాము మీద పనిచేసే చోట ఇది చిన్న కష్టం కాదు.

మూడో_షిఫ్ట్ రాశారు:

నేను ప్రోగ్రామర్‌ను కాదు. మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌ను. నా పేరులో ఉన్నట్టే రాత్రి షిఫ్టుల్లోనే ఎక్కువ కాలం గడిపాను. టెక్స్ట్ అంటే నాకు భయం లేదు, నేర్చుకున్నాను కూడా. అయినా నాకు ఎదురైన ఒక సంగతి చెప్పాలి.

జిగురు రాసిన ఫ్లాప్‌ను ఒక సిలిండర్ రెండు సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. ఆ యంత్రాన్ని తయారుచేసినవారు మొత్తం వరుసక్రమాన్ని టెక్స్ట్‌లో, దశల సంఖ్యలతో కేస్ రూపంలో (దశ సంఖ్యను బట్టి ఒక్కో భాగం నడిచేలా) రాశారు. యంత్రాన్ని మొదలుపెట్టగానే మొదటి పెట్టె చక్కగా అతుక్కునేది. రెండోది మొదలుకుని అన్నీ విచ్చుకునేవి. మళ్లీ ఆపి మొదలుపెడితే మొదటిది బాగుండేది, ఆ తర్వాత అదే కథ. జిగురు వేడి చూశాం, నాజిల్ మార్చాం, సిలిండర్ సీళ్లు మార్చాం, గాలి పీడనం పెంచాం. మూడు రాత్రులు గడిచాక ఒక సహోద్యోగి స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తే, రెండో పెట్టె నుంచి సిలిండర్ ముందుకు వెళ్లిన వెంటనే వెనక్కి వచ్చేస్తోందని తెలిసింది. రెండు సెకన్లు ఎక్కడికి పోయాయో ఆ టెక్స్ట్ ఎంతసేపు చూసినా నాకు అర్థం కాలేదు. టైమర్ అక్కడే ఉంది, రెండు సెకన్లని అందులో రాసే ఉంది.

ల్యాడర్‌లో ఉండి ఉంటే ఆ టైమర్ లెక్కపెట్టడం లేదని నా కళ్లకు వెంటనే కనిపించేదని నా నమ్మకం.

వాక్య_నిర్మాణం రాశారు:

మూడో_షిఫ్ట్ గారూ, మీరు పడిన కష్టానికి కారణమైన తప్పును నేనూ ఒకప్పుడు చేశాను. కొత్తగా టెక్స్ట్ రాసేవారు దాదాపు అందరూ ఒకసారైనా చేస్తారు. ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆన్-డిలే టైమర్ తనంతట తాను నడిచే గడియారం కాదు. ప్రోగ్రాము దానిని పిలిచినప్పుడే అది తన ఇన్‌పుట్‌ను చూస్తుంది. ఇన్‌పుట్ నిజం అయితే లెక్క కొనసాగిస్తుంది, అబద్ధం అయితే సున్నాకు వస్తుంది. ఆ టైమర్‌ను కేస్‌లో 30వ దశ లోపల, ఇన్‌పుట్ ఎప్పుడూ నిజం అని పెట్టి పిలిచారనుకోండి. మొదటి పెట్టెకు రెండు సెకన్లు లెక్కపెడుతుంది, ఔట్‌పుట్ నిజం అవుతుంది, ప్రోగ్రాము 40వ దశకు వెళ్తుంది. 40వ దశలో ఆ టైమర్‌ను పిలిచేవారు లేరు. అందువల్ల దాని ఇన్‌పుట్ అబద్ధం అయ్యే అవకాశమే రాలేదు, అది సున్నాకు రాలేదు. రెండో పెట్టెకు 30వ దశలో అడుగుపెట్టగానే ఔట్‌పుట్ అప్పటికే నిజం అయి ఉంటుంది. రెండు సెకన్లు ఒక్క స్కాన్‌లో, అంటే కంట్రోలర్ ప్రోగ్రామును ఒకసారి మొదటి నుంచి చివరి దాకా నడిపేలోపే, ముగిసిపోతాయి.

సరిదిద్దడం కష్టం కాదు. టైమర్‌ను కేస్ బయట, ప్రతి స్కాన్‌లోనూ తప్పకుండా నడిచే చోట పిలిచి, దశ సంఖ్య 30కి సమానమా అన్న పోలికనే దానికి ఇన్‌పుట్‌గా ఇవ్వాలి. దశ మారగానే ఇన్‌పుట్ అబద్ధమై టైమర్ సున్నాకు చేరుతుంది. మా బృందంలో ఇది రాతపూర్వకమైన నియమం: టైమర్లను, కౌంటర్లను, అంచును పట్టే (సిగ్నల్ మారిన క్షణాన్ని గుర్తించే) బ్లాకులను షరతుల లోపల పిలవకూడదు.

ఒక్క మాట మాత్రం చేర్చాలి. ల్యాడర్‌లోనూ టైమర్ ఉన్న రంగ్‌ను జంప్‌తో దాటవేసినా, టైమర్ ఉన్న సబ్‌రొటీన్‌ను షరతు మీద పిలిచినా ఇటువంటి చిక్కే వస్తుంది. ల్యాడర్‌లో మామూలుగా ప్రతి రంగ్ ప్రతి స్కాన్‌లోనూ నడుస్తుంది కాబట్టి ఆ ప్రమాదం అరుదు, టెక్స్ట్‌లో షరతులు రాయడమే సహజం కాబట్టి ఇక్కడ తరచు. భాష తప్పు కాదని తప్పించుకోను; భాష ఏ తప్పును సులువు చేస్తుందో కూడా దాని గుణాల్లో భాగమే.

పాత_రిలే రాశారు:

చివరి వాక్యం బాగా చెప్పారు. ఆ దారిలోనే ఇంకో ఉదాహరణ ఇస్తాను. ఇది మోటారు స్టార్ట్, స్టాప్ దగ్గరే వస్తుంది కాబట్టి ఎవరికైనా పనికొస్తుంది.

స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా మోటారు సొంత కాంటాక్టు, ఆ రెండింటి తర్వాత వరుసలో స్టాప్. ల్యాడర్ నేర్చుకునేవారు మొదట గీసే రంగ్ ఇదే. స్టాప్ బటన్‌ను ఎప్పుడూ నార్మల్లీ క్లోజ్డ్‌గానే (నొక్కనప్పుడు కరెంటు పారేలా) వైరింగ్ చేస్తాం, తీగ తెగినా యంత్రం ఆగాలి కాబట్టి. అందువల్ల ప్రోగ్రాములో స్టాప్ సరిగా ఉంది అనే సిగ్నల్ మామూలు సమయంలో నిజంగా ఉంటుంది. ఇప్పుడు దీన్ని కొత్తవారు టెక్స్ట్‌లోకి మార్చేటప్పుడు బొమ్మను ఎడమ నుంచి కుడికి చదువుతూ, స్టార్ట్ లేదా మోటారు మరియు స్టాప్-సరి అని కుండలీకరణాలు లేకుండా రాసేస్తారు. ప్రమాణం ప్రకారం మరియు అనేది లేదా కంటే ముందు లెక్కలోకి వస్తుంది. దాంతో ఆ వాక్యానికి అర్థం మారిపోతుంది: స్టార్ట్ నొక్కి ఉంచినంతసేపూ స్టాప్‌తో సంబంధం లేకుండా మోటారు తిరుగుతుంది. మామూలు పరీక్షలో ఇది బయటపడదు, ఎందుకంటే ఎవరైనా స్టార్ట్ నొక్కి వదిలేశాకే స్టాప్ నొక్కి చూస్తారు. స్టార్ట్ బటన్ లోపల జిగటపట్టి ఇరుక్కున్న రోజునే బయటపడుతుంది.

బొమ్మలో స్టాప్ కాంటాక్టు ఎక్కడ ఉందో అందరికీ కనిపిస్తుంది, దానికి ప్రాధాన్య నియమాలు గుర్తుంచుకోనక్కర లేదు. ఇక 1992 నాటి పరిశీలన గురించి: ల్యాబ్‌వ్యూ తీగల వెంట డేటా ప్రవహించే భాష. ఆ ఫలితాన్ని ల్యాడర్‌కు నేరుగా అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం.

వాక్య_నిర్మాణం రాశారు:

ల్యాబ్‌వ్యూ, ల్యాడర్ వేర్వేరన్న మాట ఒప్పుకుంటున్నాను, ఆ పరిశీలనను నేను అవసరానికి మించి సాగదీశాను. కుండలీకరణాల ఉదాహరణను మా శిక్షణలో చేర్చుకుంటాను.

అయితే ల్యాడర్ సులువు చేసే తప్పులు కూడా చెప్పుకోవాలి కదా. ఒకే ఔట్‌పుట్‌కు రెండు చోట్ల కాయిల్ గీస్తే కిందిదే చెల్లుతుంది. పైన ఉన్న రంగ్ పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, వాల్వు మాత్రం తెరుచుకోదు. సెట్, రీసెట్ కాయిళ్లు (ఒక బిట్‌ను ఆన్ చేసి అలాగే ఉంచేవి, తర్వాత ఆఫ్ చేసేవి) ఇంకా నష్టం చేస్తాయి. ఒక బిట్‌ను ఐదు చోట్ల సెట్ చేసి ఏడు చోట్ల రీసెట్ చేసిన ప్రోగ్రామును నేను బాగు చేయవలసి వచ్చింది. ఆ బిట్ ఇప్పుడు ఎందుకు ఆన్‌లో ఉందో ఏ రంగ్ చూసినా తెలియదు, ఎందుకంటే దాన్ని ఆన్ చేసిన షరతు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది. కార్టన్_లైను గారి 1,400 రంగ్‌లలో ఇటువంటి బిట్లు చాలానే ఉంటాయని నా ఊహ.

దశల_దారి రాశారు:

ఇంతవరకు జరిగిన చర్చలో ల్యాడర్, టెక్స్ట్ రెండే కనిపిస్తున్నాయి. కార్టన్_లైను గారి యంత్రం స్వభావానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది మూడోది, సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్. పెట్టె తెరవడం, సీసాలు దించడం, ఫ్లాపులు మడవడం, జిగురు, నొక్కడం, తోయడం ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరిగే పనులు. వాక్య_నిర్మాణం గారు చెప్పిన సెట్, రీసెట్ బిట్ల అడవి పెరిగేది సరిగ్గా ఇటువంటి వరుసక్రమాన్ని ల్యాడర్‌లో ఇరికించినప్పుడే.

ఈ చార్టు మూలం గ్రాఫ్‌సెట్. 1970లలో ఫ్రాన్స్‌లో పెట్రి నెట్‌లు అనే గణిత నమూనాల ఆలోచనను ఆధారం చేసుకుని దాన్ని రూపొందించారు, 1988లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. చార్టులో గీసిన ఒక్కో గడి ఒక దశ, రెండు దశల మధ్య గీత మీద ఒక షరతు. ఆ షరతు నిజం అయితేనే కింది దశకు వెళ్తుంది. యంత్రం ఆగిపోతే ఏ దశ వెలుగుతూ ఉందో, దాని కింద ఉన్న షరతు ఏమిటో చూస్తే చాలు. మిగతా ప్రోగ్రామంతా ఆ క్షణానికి మనకు అనవసరం. 1,400 రంగ్‌లు వెతికే మనిషికి ఒకే ఒక షరతు చూడమని చెప్పడం ఎంత పెద్ద ఊరటో ఊహించండి. పైగా దశ లోపలి చర్యను ల్యాడర్‌లో రాసుకోవచ్చు, టెక్స్ట్‌లోనూ రాసుకోవచ్చు. ఏ పనులు సమాంతరంగా జరుగుతాయో కూడా జంట గీతతో బొమ్మలోనే తెలుస్తుంది. కేస్ రూపంలో రాసినప్పుడు ఒక కేస్‌కు ఒక్క దశే ఉంటుంది కాబట్టి, రెండు పనులు కలిసి జరగాలంటే రెండు దశ సంఖ్యలు, వాటి మధ్య కబుర్లు మనమే చూసుకోవాలి.

దీని బలహీనత కూడా దాచను. అంతా సవ్యంగా సాగే దారిని గీయడం తేలిక. సిలిండర్ సగంలో ఉండగా ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే, తిరిగి ఎక్కడి నుంచి మొదలవ్వాలి? ఏ దశ నుంచైనా తప్పుకుని సురక్షిత స్థితికి చేరే దారులన్నీ గీయబోతే చార్టు సాలెగూడు అవుతుంది. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, సవ్యమైన దారిని చార్టులో ఉంచి, ఆపడం, వెనక్కి తేవడం, చేత్తో నడపడం అనే మోడ్‌లను దాని బయట వేరే బ్లాకులో పెట్టి, ఆ బ్లాకు చార్టును మొదటి దశకు తెచ్చేలా చేయడం. సిలిండర్లను నేరుగా నడిపించే కాయిళ్లు మాత్రం చార్టులో ఉండవు. చార్టు కోరుతుంది, మరోచోట ల్యాడర్‌లో ఇంటర్‌లాక్‌లు చూసి ఒప్పుకుంటేనే వాల్వుకు ఆజ్ఞ వెళ్తుంది.

పీడన_వలయం రాశారు:

నేను ప్రాసెస్ ప్లాంట్ల వైపు నుంచి మాట్లాడుతున్నాను. మాకు బ్లాకులను గీతలతో కలిపే ఫంక్షన్ బ్లాక్ డయాగ్రమే మాతృభాష వంటిది. పీడనం కొలిచే సాధనం నుంచి సిగ్నల్ బయలుదేరి, ఫిల్టర్ దాటి, కోరిన విలువకు ఉన్న తేడాను సరిదిద్దే పీఐడీ బ్లాకులో చేరి, పరిమితుల బ్లాకు గుండా వాల్వు దాకా వెళ్లడం గీతల మీద కనిపిస్తుంది. ప్రాసెస్ ఇంజినీరుకు ప్రోగ్రామింగ్ రాకపోయినా అది చదవగలరు. ప్యాకింగ్ యంత్రంలో జిగురు ట్యాంకు వేడిని నియంత్రించే భాగం ఉంటే దానికి ఇది సరిపోతుంది.

ఒక హెచ్చరిక. బ్లాకుల గీతలు చూసి అన్నీ ఒకేసారి నడుస్తాయని అనుకోకూడదు. కంట్రోలర్ వాటిని ఒక వరుసలోనే నడుపుతుంది. ఆ వరుసను కొన్ని సాఫ్ట్‌వేర్లు బ్లాకు ఉన్న స్థానాన్ని బట్టి, కొన్ని మనం ఇచ్చిన సంఖ్యను బట్టి నిర్ణయిస్తాయి. వెనక్కి తిరిగి వచ్చే గీత ఉంటే దాని మీద ఉండేది పోయిన స్కాన్ విలువ.

రక్షణ_గొలుసు రాశారు:

సేఫ్టీ భాగం గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఎమర్జెన్సీ స్టాప్, తలుపుల స్విచ్‌లు, లైట్ కర్టెన్ల (చేయి అడ్డం వస్తే గుర్తించే కాంతి కిరణాల) తర్కాన్ని ఈ చర్చలోకి తేవద్దు. సేఫ్టీ కంట్రోల్ వ్యవస్థల ప్రమాణం ఐఈసీ 61508, దానిని అనుసరించే ప్రమాణాలు పరిమిత వైవిధ్య భాషలకూ పూర్తి వైవిధ్య భాషలకూ తేడా చూపుతాయి. ముందే ధ్రువీకరించిన బ్లాకులను కలుపుకుంటూ పోయే మొదటి రకంలో రాస్తే నిరూపణ భారం చాలా తగ్గుతుంది. అందుకే సేఫ్టీ కంట్రోలర్లలో ఎక్కువగా ల్యాడర్ లేదా ఫంక్షన్ బ్లాకులే ఇస్తారు. ఆ భాగాన్ని మిగతా ప్రోగ్రాముతో కలపకుండా చిన్నదిగా ఉంచండి. తలుపు మూసి ఉందన్న సమాచారాన్ని మామూలు ప్రోగ్రాము చదువుకోవచ్చు, దానిని మార్చే దారి మాత్రం ఉండకూడదు.

వాక్య_నిర్మాణం రాశారు:

ఒక చిన్న అనుబంధం, పాత ప్రోగ్రాములు ఉన్నవారి కోసం. ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్ అనే పాత టెక్స్ట్ భాషలో ఏవైనా బ్లాకులు మిగిలి ఉంటే వాటిని ఈ సందర్భంలోనే మార్చేయండి. ఐఈసీ 61131-3 ప్రమాణానికి 2013లో వచ్చిన మూడో కూర్పు దాన్ని ఇక వాడవద్దని సూచించింది, 2025 నాటి నాలుగో కూర్పు పూర్తిగా తొలగించింది. అదే మూడో కూర్పులో వస్తు ఆధారిత (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్) పద్ధతి చేరింది. అందులో రాయాలన్న ఉత్సాహం మీ యువ ఇంజినీర్లకు ఉండవచ్చు. ఒకే రకం సిలిండర్లు ముప్పై ఉంటే ఒక్క బ్లాకు రాసి ముప్పైసార్లు వాడడం మంచిదే. వారసత్వం (ఒక బ్లాకు గుణాలను మరొకటి తెచ్చుకోవడం) మీద వారసత్వం పేర్చి, అసలు పని ఎక్కడ జరుగుతుందో నాలుగు పొరలు విప్పితే గాని తెలియకుండా చేయడం మాత్రం రాత్రి షిఫ్టులో ఉన్న మనిషికి అన్యాయం చేయడమే.

కార్టన్_లైను రాశారు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను బృందం మొత్తానికీ చదివి వినిపించాను. మెయింటెనెన్స్ విభాగం నుంచి ఇద్దరిని కూడా కూర్చోబెట్టుకున్నాం. ముందుగా పాత ప్రోగ్రామును ఒక భాగం వెతికి చూశాం: సెట్, రీసెట్ బిట్లు 212 ఉన్నాయి, వాటిలో 40కి పైగా మూడుకు మించిన చోట్ల సెట్ అవుతున్నాయి. ఇన్నాళ్లూ మేము భాషను నిందించాము గాని, పోగుపడినది వరుసక్రమాన్ని తప్పుడు రూపంలో దాచడం వల్ల వచ్చిన చిక్కు.

ప్రస్తుతానికి ఇలా అనుకున్నాం. ప్రతి మోటారు, ప్రతి వాల్వు కాయిల్ ల్యాడర్‌లో, ఒక్కొక్కటి ఒకే ఒక చోట. తూకం సగటు, రెసిపీలు, బార్‌కోడ్, సర్వో లెక్కలు టెక్స్ట్ బ్లాకుల్లో. ఆ బ్లాకుల లోపలి నుంచి ఏ ఔట్‌పుట్‌నూ నేరుగా తాకకూడదు. సేఫ్టీ వేరు. వరుసక్రమం దగ్గర మాత్రం ఇంకా ఏకాభిప్రాయం లేదు. నేను చార్టు వైపు ఉన్నాను. మా వాళ్లలో ఇద్దరు కేస్ రూపమే కావాలంటున్నారు, మార్పులు పోల్చుకోవడం తేలికని వారి వాదన. టైమర్ నియమం పాటిస్తామని మాట కూడా ఇచ్చారు.

దశల_దారి రాశారు:

కేస్ రూపం ఎంచుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఒక్క షరతు మీద. చార్టు ఉచితంగా ఇచ్చే గుణం ఒకటి ఉంది: ఇప్పుడు ఏ దశ, దేని కోసం ఎదురుచూపు. కేస్‌లో ఆ గుణాన్ని మీరు కష్టపడి కట్టుకోవాలి. ప్రతి దశకు ఒక పేరు, ఎదురుచూసే షరతుకు ఒక వాక్యం, గడువు దాటితే ఆ వాక్యం ఆపరేటర్ తెర మీదకు రావాలి. ఆ వాక్యాన్ని షరతు పక్కనే, అదే బ్లాకులో ఉంచండి. వేరే జాబితాలో పెడితే షరతు మారిన రోజు వాక్యం మారదు, తెర అబద్ధం చెబుతుంది.

మూడో_షిఫ్ట్ రాశారు:

దశల_దారి గారి మాటకు నాదొక విన్నపం చేర్చండి. తెర మీద వాక్యం వచ్చినప్పుడు సెన్సర్ అందలేదు అని మాత్రమే వస్తే మాకు పని జరగదు. ఏ సెన్సర్, డ్రాయింగులో దాని సంఖ్య ఎంత, ప్యానెల్‌లో ఏ టెర్మినల్ మీదకు వస్తుంది, ఈ మూడూ ఉంటే ల్యాప్‌టాప్ తెరవకుండానే మీటర్ పట్టుకుని నేరుగా అక్కడికి వెళ్తాం. అప్పుడు లోపల ల్యాడర్ ఉందా, టెక్స్ట్ ఉందా అని నేను అడగను. ల్యాప్‌టాప్ తెరవవలసి వస్తే మాత్రం కాయిల్ ఉన్న రంగ్ నాకు కనిపించాలి.

కార్టన్_లైను రాశారు:

తప్పకుండా చేరుస్తాం. ఈరోజే పరీక్షా బల్ల మీద ఒక దశను ఆ విధంగా రాసి, సెన్సర్ తీగను కావాలని ఊడదీసి చూశాం. ఐదు సెకన్ల తర్వాత తెర మీద వచ్చిన వాక్యం ఇది: "దశ 40. ఎడమ ఫ్లాప్ నొక్కే సిలిండర్ ముందుకు చేరినట్టు సిగ్నల్ రాలేదు. సెన్సర్ బి-217, టెర్మినల్ వరుస 4, స్థానం 11." మెయింటెనెన్స్ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు దాన్ని చదివి, ఇంకేమీ అడగకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని నాలుగో టెర్మినల్ వరుస దగ్గరకు వెళ్లారు.